‘ఆఫెన్’ అంటే ఎన్నిసార్లు?

పిల్లలూ!

ఈ నెల ఒక చిన్న ఇంగ్లీషు మాటను పట్టుకుందాం. దానికి ఉన్నవి అయిదే అక్షరాలు. ఆ మాట ‘ఆఫెన్’. అర్థమేమిటని అడిగితే మీలో సగంమంది నేను ప్రశ్న పూర్తిచేయకముందే ‘తరచుగా’ అని చెప్పేస్తారు. బాగుంది. మరి తరచుగా అంటే ఎంత తరచుగా? రోజుకొకసారా? వారానికొకసారా? నెలకు రెండుసార్లా? ఇప్పుడు చెప్పండి చూద్దాం!

ఆలోచనలో పడ్డారు కదూ? అయితే ఒక చిన్న లెక్క చూడండి. మన హుజూర్‌నగర్‌లో ఒకాయన నెలకు రెండుసార్లు హైదరాబాదు వెళ్లి వస్తాడు. ఆయన గురించి ‘హి ఆఫెన్ గోస్ టు హైదరాబాద్’ అంటాం. అందులో తప్పులేదు. ఆయన కొడుకు నెలకు రెండుసార్లు పళ్లు తోముకుంటాడు. వాడి గురించి ‘హి ఆఫెన్ బ్రషెస్ హిజ్ టీత్’ అనగలమా? అంటే ఊరంతా నవ్వుతుంది! తండ్రికీ రెండుసార్లే, కొడుకుకూ రెండుసార్లే. లెక్క ఒక్కటే అయినా తండ్రికి ‘ఆఫెన్’ చెల్లింది, కొడుకుకు చెల్లలేదు. ఎందుకని?

ఎందుకంటే ఈ మాటలో అంకె లేదు. ఒక పని మామూలుగా ఎంత దగ్గర దగ్గరగా జరుగుతుందని మనం అనుకుంటామో, దానితో పోల్చి చెప్పే మాట ఇది. హైదరాబాదు ప్రయాణం రోజూ చేసేది కాదు గనుక నెలకు రెండుసార్లంటే ఎక్కువ. పళ్లు రోజూ తోముకోవలసినవి గనుక నెలకు రెండుసార్లంటే సిగ్గుచేటు. ‘ఆఫెన్’ గజంబద్ద వంటిది కాదు, త్రాసు వంటిది. గజంబద్ద ఎక్కడైనా గజమే చూపిస్తుంది. త్రాసు మాత్రం, రెండో పళ్లెంలో ఏముందో దాన్నిబట్టి మొగ్గుతుంది.

ఈ మాటకు అన్నదమ్ములున్నారు. అందరినీ ఒక నిచ్చెనమీద నిలబెడదాం. పైమెట్టుమీద ‘ఆల్వేస్’, అంటే ఎప్పుడూ. దాని కింద ‘యూజువల్లీ’, అంటే మామూలుగా. ఆ కింద మన ‘ఆఫెన్’. ఇంకా కింద ‘సమ్‌టైమ్స్’, అంటే అప్పుడప్పుడు. దాని కింద ‘రేర్లీ’, అంటే అరుదుగా. అట్టడుగున ‘నెవర్’, అంటే ఎన్నడూ లేదు. ఈ ఆరింటిలో గట్టిగా నిలిచేవి పైమెట్టూ, కిందిమెట్టూ మాత్రమే. ‘ఆల్వేస్’ అన్నాక ఒక్కసారి తప్పినా ఆ మాట అబద్ధమవుతుంది. ‘నెవర్’ అన్నాక ఒక్కసారి జరిగినా అంతే. నడుమనున్న నాలుగూ కాస్త అటూ ఇటూ కదులుతాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి. చివర దీనితో పెద్ద పని ఉంది.

ఇప్పుడు మన తెలుగుమాట ‘తరచు’ సంగతి చూద్దాం. దీనికి ‘దట్టమైన, ఒత్తయిన’ అనే అర్థం కూడా ఉంది. చెట్లు దగ్గర దగ్గరగా పెరిగిన అడవిని తరచైన అడవి అనవచ్చు. వరి నాట్లు చూసిన పిల్లలకు ఇది వెంటనే తెలుస్తుంది. కుదురుకూ కుదురుకూ నడుమ చోటు తక్కువగా ఉంటే అది ఒత్తు నాటు. చోటు ఎక్కువ వదిలితే పలుచని నాటు. మడిలో వరి కుదుళ్లలాగే కాలంలో పనులు కూడా ఒత్తుగానో పలుచగానో ఉంటాయి. ఒత్తుగా ఉంటే ‘తరచు’ అన్నాం. చోటుకు పుట్టిన మాట కాలానికీ పనికివచ్చింది!

దీనికంటే వింత మరొకటుంది. ‘ఆఫెన్’ అన్నచోట కాస్త బరువుగా చెప్పాలంటే ఇంగ్లీషువాళ్లు ‘ఫ్రీక్వెంట్లీ’ అంటారు. ఈ మాటకు మూలం లాటిన్ భాషలోని ‘ఫ్రెక్వెన్స్’. దాని అర్థం ఏమనుకున్నారు? కిక్కిరిసినది, గుంపుగా ఉన్నది అని! ‘రేర్లీ’కి మూలమైన ‘రారుస్’ అనే లాటిన్ మాటకు ఎడమెడంగా ఉన్నది, పలుచనిది అని అర్థం. ఎత్తయిన కొండలమీద గాలి పలుచబడుతుందని సైన్సులో చదివారు కదా? ఆ గాలిని ఇంగ్లీషులో ఇప్పటికీ ‘రేరిఫైడ్’ అంటారు. ఎక్కడి రోము నగరం, ఎక్కడి కృష్ణాతీరం! ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే ఇద్దరూ ఒక్క దారినే నడిచారు. మనుషులు కాలాన్ని కళ్లతో చూడలేరు గనుక, కళ్లకు కనిపించే అడవినుంచో గుంపునుంచో మాట తెచ్చుకుంటారు.

ఇక ప్రశ్న అడగడం నేర్చుకుందాం. ఇంగ్లీషులో ‘హౌ మెనీ టైమ్స్’ అని ఒక ప్రశ్న, ‘హౌ ఆఫెన్’ అని మరొక ప్రశ్న ఉన్నాయి. మనవాళ్లు రెండింటికీ ‘ఎన్నిసార్లు’ అని అర్థం చెప్పి ఊరుకుంటారు. అక్కడే చిక్కు వస్తుంది. ‘నువ్వు మట్టపల్లి నరసింహస్వామి గుడికి ఎన్నిసార్లు వెళ్లావు?’ అన్నప్పుడు అడిగేది మొత్తం లెక్క. అది ‘హౌ మెనీ టైమ్స్’. ‘ఏడుసార్లు’ అని చెబితే సరిపోతుంది. ‘ఎన్నాళ్లకొకసారి వెళతావు?’ అన్నప్పుడు అడిగేది ఎంత ఎడంతో అని. అది ‘హౌ ఆఫెన్’. దీనికి ‘ఏడుసార్లు’ అంటే జవాబు కాదు. ‘ఏడాదికి రెండుసార్లు’ అనాలి, లేదా ‘ఆరు నెలలకోసారి’ అనాలి.

చూశారా, మన ‘కోసారి’ ఎంత గొప్పదో! గంటకోసారి, పూటకోసారి, వారానికోసారి, పుష్కరానికోసారి! దీన్ని ఏ కాలానికి తగిలించినా జవాబు సిద్ధం. కృష్ణా పుష్కరాలు పన్నెండేళ్లకోసారి వస్తాయి. 2004లో వచ్చాయి, 2016లో వచ్చాయి; అదే లెక్కన 2028లో రావాలి. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో పెద్దగట్టు లింగమంతుల జాతర రెండేళ్లకోసారి. అది 2023లో జరిగింది, 2025లో జరిగింది. ‘హౌ ఆఫెన్’ అని ఎవరైనా అడిగితే ఇలా అంకెతో చెప్పడం మర్యాద.

సైన్సు అంతా ఈ మర్యాదమీదనే నడుస్తుంది. సైన్సులో ‘ఫ్రీక్వెన్సీ’ అంటే ఒక సెకనులో ఒక పని ఎన్నిసార్లు జరుగుతుందో చెప్పే అంకె. తెలుగులో దాన్ని పౌనఃపున్యం అంటారు. ‘పునః పునః’, అంటే మళ్లీ మళ్లీ, అనే మాటనుంచి పుట్టింది. మన ఇళ్లకు వచ్చే కరెంటు పౌనఃపున్యం 50 హెర్ట్జ్‌లు. అంటే సెకనుకు 50సార్లు అటూ ఇటూ ఊగి వస్తుందన్నమాట. హైన్రిచ్ హెర్ట్జ్ అనే జర్మనీ శాస్త్రవేత్త పేరు ఈ కొలతకు పెట్టారు. కరెంటు ‘తరచుగా’ ఊగుతుందని చెబితే ఇంజనీరుకు ఏం లాభం? 50సార్లు అంటేనే యంత్రం చేయగలడు.

ఈ సంగతి రైతుకు ఇంజనీరుకంటే ముందే తెలుసు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ కాలువ అని పేరు. మన ప్రాంతపు వరిపొలాలకు ఆ కాలువే ఆధారం. జలాశయంలో నీళ్లు తక్కువైన ఏడాది కాలువకు వంతులవారీగా వదులుతారు. కొన్నాళ్లు పారుతుంది, కొన్నాళ్లు ఆగుతుంది. అప్పుడు కాలువ చివరి భూముల రైతు ‘నీళ్లు తరచుగా వస్తాయి’ అనే మాటతో తృప్తిపడతాడా? పడడు. ‘ఎన్ని రోజులు వస్తాయి? ఎన్ని రోజులు బందు?’ అని అడుగుతాడు. నారు బతకడమూ, ఎండడమూ ఆ అంకెలోనే ఉంది మరి.

ఇక్కడ ఇంగ్లీషులోనే ఉన్న ఒక గుంటను కూడా చూపిస్తాను, కాలు పెట్టకండి. ‘బైవీక్లీ’ అనే మాట ఉంది. దానికి ‘వారానికి రెండుసార్లు’ అనీ, ‘రెండు వారాలకోసారి’ అనీ రెండర్థాలూ నిఘంటువుల్లో ఉన్నాయి! పత్రికకైతే ఫరవాలేదు. మందుబిళ్లకైతే? ఒక అర్థానికి రెండు వారాల్లో నాలుగు బిళ్లలు, మరొక అర్థానికి ఒక్కటే. కనుక మందు విషయంలో ఇటువంటి మాట ఎవరు చెప్పినా సిగ్గుపడకుండా ‘వారానికి రెండా, రెండు వారాలకు ఒకటా?’ అని అడగండి. మన తెలుగులో ఈ గందరగోళం లేదు. దినం తప్పి దినం అంటే ఎవరికైనా ఒక్కటే అర్థం.

వాక్యంలో ‘ఆఫెన్’ ఎక్కడ కూర్చుంటుందో కూడా చెప్పుకుందాం. అసలు క్రియకు ముందు కూర్చుంటుంది: ‘ఐ ఆఫెన్ రీడ్ స్టోరీస్.’ ‘యామ్, ఈజ్, ఆర్’ ఉంటే మాత్రం వాటి తరువాత: ‘షి ఈజ్ ఆఫెన్ లేట్.’ సహాయక్రియ ఉంటే సహాయక్రియకూ అసలు క్రియకూ నడుమ: ‘ఐ హావ్ ఆఫెన్ సీన్ హిమ్.’ ఈ మూడూ నోటికి వస్తే చాలు.

పలికేటప్పుడు ‘ఆఫెన్’ అనాలా, ‘ఆఫ్టెన్’ అనాలా అని పిల్లలు తగవులాడుకుంటారు. రెండూ ఒప్పే. పూర్వం ఇంగ్లీషులో ‘ఆఫ్ట్’ అనే పొట్టిమాట ఉండేది. జర్మనీవాళ్లు ఇప్పటికీ ‘ఓఫ్ట్’ అనే అంటారు. ఆ మాట పొడుగై ‘ఆఫ్టెన్’ అయింది. కాలక్రమాన ‘లిజన్’, ‘సాఫెన్’ మాటల్లో జారిపోయినట్టే ఇందులోనూ ‘ట’కారం నోటినుంచి జారిపోయింది. కాని రాతలో నిలిచింది. చదువు పెరిగినకొద్దీ జనం రాతను చూసి ‘ట’కారాన్ని మళ్లీ పలకసాగారు. కనుక మీ స్నేహితుడు మరోవిధంగా పలికితే వెక్కిరించకండి.

ఈ మాట జతకట్టిన పలుకుబడులు కూడా కొన్ని ఉన్నాయి. ‘ఎవ్రీ సో ఆఫెన్’ అంటే తరచుగా అనుకుంటారేమో, కాదు! అప్పుడప్పుడు అని అర్థం. ‘మోర్ ఆఫెన్ దాన్ నాట్’ అంటే సగంకంటే ఎక్కువసార్లు. ‘లిటిల్ అండ్ ఆఫెన్’ అంటే కొద్దికొద్దిగా, మాటిమాటికీ. ఈ చివరిది అమ్మలు మరచిపోకూడని మాట. పసిబిడ్డకు విరేచనాలైనప్పుడు ఉప్పూ చక్కెరా కలిసిన ఓఆర్‌ఎస్ నీళ్లు ఇస్తారు కదా? గ్లాసెడు ఒక్కసారి తాగిస్తే వాంతి కావచ్చు. రెండేళ్లలోపు బిడ్డకు నిమిషానికో, రెండు నిమిషాలకో ఒక చెంచా చొప్పున పట్టమంటారు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మళ్లీ ఇంకా మెల్లగా మొదలుపెట్టాలి. ఇక్కడ ‘ఆఫెన్’ అంటే ఎంతో ఎంత చక్కగా తేలిపోయిందో చూడండి!

ఇక అసలు చిక్కుకు వద్దాం. ఈ వాక్యం చదవండి: ‘స్నేక్స్ ఆర్ ఆఫెన్ హార్మ్‌లెస్.’ తెలుగులో చెప్పండి. ‘పాములు తరచుగా విషం లేనివి’ అన్నారా? ఒక్క క్షణం ఆగండి. అంటే ఒకే పాముకు సోమవారం విషం ఉండదనీ, మంగళవారం ఉంటుందనీనా? అలా ఎక్కడైనా ఉంటుందా? ఇక్కడ ‘ఆఫెన్’ కాలాన్ని చెప్పడంలేదు. గుంపును చెబుతున్నది. ‘పాముల్లో చాలావాటికి విషం ఉండదు’ అని దాని అర్థం. మాట అదే; కాలంలో ఒత్తుగా ఉండడం బదులు గుంపులో ఒత్తుగా ఉండడం చెప్పింది. ఇటువంటిచోట ‘తరచుగా’ అని పెడితే తెలుగు కుంటుతుంది. ‘చాలా’, ‘చాలామంది’, ‘ఎక్కువభాగం’ అని పెట్టాలి.

వాక్యం అర్థమైంది. నిజమేనా? నిజమే. మనదేశంలో 300కు పైగా జాతుల పాములున్నాయి. వాటిలో విషమున్నవి 60కి కొంచెం పైన. ఎక్కువ ప్రాణాలు తీసేవిగా నాలుగింటిని చెబుతారు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, రంపపు పళ్లలాంటి పొలుసులుండే చిన్న పింజరి. అయితే మనం పొలంగట్టుమీద కలుసుకునేది ‘పాముల్లో చాలావాటిని’ కాదు. ఒక్క పామును! ఆ ఒక్కటి చాలావాటిలోనిదో, ఆ నాలుగింటిలోనిదో ఈ వాక్యం చెప్పలేదు. గుంపుకు చెల్లే మాట ఒక్కదానికి చెల్లుతుందని అనుకోవడమే ప్రమాదం.

మన పల్లెల్లో పాము కరిస్తే మంత్రం వేయించేవాళ్లున్నారు. ‘మంత్రంతో చాలామంది బతికారు, కళ్లారా చూశాం’ అంటారు. వాళ్లు అబద్ధమాడుతున్నారని నేను అనను. లెక్క వేసి చూద్దాం. పదిమందిని పాములు కరిచాయనుకోండి. ఏడుగురిని కరిచినవి విషం లేనివి అనుకుందాం. వాళ్లు మంత్రం వేసినా బతుకుతారు, వేయకపోయినా బతుకుతారు. మిగిలిన ముగ్గురిని కరిచినవి విషసర్పాలు. విషసర్పం కూడా ఒక్కొక్కసారి విషం ఎక్కించకుండానే కరుస్తుంది. అలా ఒకడు బతికాడనుకుందాం. మొత్తం ఎనిమిదిమంది బతికారు. మంత్రం పదిసార్లలో ఎనిమిదిసార్లు పనిచేసినట్టు కనిపించింది! నిజానికి అది ఒక్కసారి కూడా పనిచేయలేదు. దానితో అవసరం పడినది ఆ చివరి ఇద్దరికే. వాళ్లిద్దరినీ అది కాపాడలేదు.

అర్థమైందా? ‘ఆఫెన్’ అనే మెట్టుమీద నిలబడ్డ సంగతిని మనం ‘ఆల్వేస్’ అనే మెట్టు ఎక్కించాం. ఆ రెండు మెట్ల నడుమ చోటులోనే ఆ ఇద్దరి ప్రాణాలూ పోయాయి. 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో మనదేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షలమంది చనిపోయారని పరిశోధకులు 2020లో అంచనా వేశారు. చనిపోయినవారిలో ఎక్కువమంది పల్లెవాళ్లే.

కట్లపాము సంగతి ఇంకా గమ్మత్తు. అది రాత్రిపూట, నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. కాటు దగ్గర నొప్పిగాని వాపుగాని అంతగా ఉండకపోవడం దాని విషయంలో మామూలు. ‘నొప్పి లేదు కనుక విషం లేదు’ అని నిద్రపోతే తెల్లవారేసరికి చేయి దాటిపోవచ్చు. కాబట్టి పాము కరిచిందని అనుమానం కలిగినా సరే, చేయవలసినది ఒక్కటే. కరిచిన చేతినిగాని కాలినిగాని కదలనీయకుండా ఉంచి, పరుగెత్తకుండా, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. 108కు ఫోన్ చేయాలి. కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించకూడదు. ఆసుపత్రిలో విరుగుడు మందు ఉంటుంది. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన విరుగుడును తీసి తయారుచేస్తారు. ఆ నాలుగు జాతుల విషానికీ అది పనిచేస్తుంది. ఈ విషయంలో మనకు కావలసినది పైమెట్టు మాట: ‘ఆల్వేస్ గో టు ద హాస్పిటల్.’

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు ఇంటికి వచ్చి ‘అందరూ అంటున్నారు’, ‘ఎప్పుడూ ఇంతే’, ‘ఒక్కనాడూ కాదు’ అన్నప్పుడు కోప్పడకండి. ‘ఎంతమంది? ఎన్నాళ్లకోసారి?’ అని నెమ్మదిగా అడగండి. రెండు పూటలు అడిగితే మూడోపూట వాళ్లే లెక్కతో వస్తారు. మనం పెద్దవాళ్లం కూడా ‘నువ్వు ఎప్పుడూ ఇంతే!’ అని బిడ్డను అనేముందు నిచ్చెనను ఒకసారి చూసుకుంటే మంచిది. పదిసార్లలో మూడుసార్లు తప్పు చేసిన బిడ్డకు న్యాయంగా రావలసిన మాట ‘అప్పుడప్పుడు’.

పిల్లలూ, ఈ నెల మీకు పని. కింది అయిదు ప్రశ్నలకు అంకెతో జవాబులు రాయండి. ‘తరచుగా’ అని రాస్తే మార్కులు లేవు!

1. మీ ఇంట్లో తాగునీటి బిందె ఎన్నాళ్లకోసారి తోముతారు?
2. మీ ఊరికి బస్సు ఎంతసేపటికోసారి వస్తుంది?
3. మీరు చేతులు సబ్బుతో రోజుకు ఎన్నిసార్లు కడుక్కుంటారు?
4. మీ ఇంట్లో తాతయ్యగాని, నాయనమ్మగాని వేసుకునే మందు ఎన్ని గంటలకోసారి వేసుకోవాలి? చీటీ చూసి, పెద్దలనడిగి రాయండి.
5. మీరు రోజూ చేస్తున్నామనుకుంటూ నిజానికి రోజూ చేయని పని ఏది? వారం రోజులు గోడ క్యాలెండరుమీద చుక్క పెడుతూ లెక్కించండి.

అయిదోది అన్నిటికంటే కష్టం. వారం గడిచాక ఆ చుక్కలు లెక్కపెట్టి, ఆ పని నిచ్చెనమీద ఏ మెట్టున నిలుస్తుందో మీరే తేల్చండి. చుక్కలు ఒత్తుగా ఉంటే సంతోషించండి. పలుచగా ఉంటే వచ్చే వారం ఇంకొకటి కలపండి.